అనంతపురంలో 5 సెంట్ల తోట: ఎండాకాలం కూడా కూరగాయలు వేయాలా, వద్దా?

ఎర్రమట్టి: ఊరి చివర 5 సెంట్ల స్థలం ఉంది, సగం మడులు చేశాను. జూలై నుంచి ఫిబ్రవరి దాకా టమాటా, వంకాయ, మటిక్కాయలు (గోరుచిక్కుడు), ఆకుకూరలు మాకు సరిపోయి పక్కింటికీ పోతున్నాయి. పోయిన మేలో మాత్రం టమాటా పూతంతా రాలింది. బోరు అరగంట పోసి గాలి కొట్టింది. ఎండాకాలం తోట ఆపేయమని మా నాన్న గొడవ. మీరేమంటారు?

బావిగట్టు: నాన్నగారి మాటే నా మాట. ఏడాదికి 550 మి.మీ. వాన పడే జిల్లా మనది. మేలో చదరపు మీటరుకు రోజుకు 6 లీటర్లయినా పోయాలి. మీ 100 మీటర్ల మడులకు 600 లీటర్లు, రెండు నెలలకు 36 వేలు. వీధిలో బిందెలు పెట్టుకుని ట్యాంకరు కోసం చూస్తుంటే మనం కొత్తిమీరకు నీళ్లు కడతామా? ఒకసారి లోతుగా తవ్వి వదిలేయండి. ఎండకు పురుగుల గుడ్లు కూడా చస్తాయి.

మిద్దెమీద_మునగ: అన్నా, లెక్క ఒకవైపే వేశారు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అదే వాన పడితే 50 వేల లీటర్లు. పోయేది పోయినా 40 వేలు దక్కుతాయి.

బావిగట్టు: దక్కుతాయి. దాచేదెక్కడ? 4 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 3 లోతు సంపు కావాలి. ఆ డబ్బు రైతుబజారులో పెడితే ఎన్నేళ్ల కూరగాయలొస్తాయో అదీ లెక్క వేయి.

పాతూరు_అక్క: ఇద్దరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. అసలు మేలో టమాటా ఎందుకు? పగలు 40 దాటి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు. ఎన్ని నీళ్లు పోసినా కాయ నిలవదు. నేను నాలుగు మడుల్లో రెండే నడుపుతాను: బెండ, మటిక్కాయ, తోటకూర, బచ్చలి. పైన సగం ఎండను ఆపే షేడ్‌నెట్, కింద బెత్తెడు శెనక్కాయ పొట్టు, తెల్లారకముందే డ్రిప్పు. (పొట్టుకు చెదలు పడతాయి, కాండానికి ఆనకుండా వేయండి. రెండేళ్లు ఏడ్చాక తెలిసింది.) మిగతా రెండు మడుల్లో ప్రకృతి వ్యవసాయం వాళ్లు చెప్పినట్టు నవధాన్యాలకు బంకమట్టి, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పట్టించి వానలకు ముందే పొడినేలలో వేస్తాను, పైన ఎండుగడ్డి కప్పుతాను. బావిగట్టు తమ్ముడు చెప్పినట్టు ఎండకు పురుగు చస్తుంది, నిజమే. మట్టిలో మనకు పనికొచ్చేవీ చస్తాయి కదా.

బావిగట్టు: రెండు మడులైతే నాకేం పేచీ లేదక్కా. మరి బోరు నీళ్ల ఉప్పు? మా బీన్స్ ఆకుల అంచులన్నీ మాడిపోయాయి.

పాతూరు_అక్క: బీన్స్ అసలు తట్టుకోదు. పాలకూర కొంత నయం. పేరుకున్న ఉప్పు కిందికి దిగాలంటే గట్టి వాన పడాల్సిందే, దానికి నా దగ్గరా మందు లేదు.

ఎర్రమట్టి: సరే, ఈసారి రెండు మడులే. నాన్నకు చెబితే "ముందు బోరు పక్కన ఇంకుడుగుంత తవ్వు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. గడ్డపార కోసం వెతుకుతున్నా.