రెండు వర్గాల కవచాలు ఒకేలా కనిపిస్తున్నాయి, ఎక్కడ తప్పుతున్నాను?

గుట్టకింది గీతలు, నల్లగొండ

అందరికీ నమస్తే. ఏడాది నుంచి ఒక సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథ గీస్తున్నాను. కథ అంగారకుడి మీద జరుగుతుంది, యుద్ధం నీళ్ళ కోసం. ఉత్తరాన మంచు ఉన్న చోట ఒక వర్గం, వాళ్ళకు నీళ్ళూ ఫ్యాక్టరీలూ ఉన్నాయి, కరెంటుతో చిన్న గుళికలను సెకనుకు ఐదారు కిలోమీటర్ల వేగంతో విసిరే తుపాకులున్నాయి. దక్షిణాన గనుల్లో పనిచేసేవాళ్ళు రెండో వర్గం. వాళ్ళు లోతుగా బోరు వేసి, వచ్చిన ఉప్పునీళ్ళే తాగాలి. ఆయుధాలంటే గనిలో బండలు పగలగొట్టే మందు, దాంతో పేల్చే ఇనుప మేకులు.

ఉత్తరం వాళ్ళకు నీలం, దక్షిణం వాళ్ళకు ఇటుక రంగు వేశాను. మొన్న మా దోస్తు ఫోన్‌లో బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి, ఇందులో ఎవరు ఎవరో చెప్పు అన్నాడు. గీసినవాణ్ణి నేనే, అయినా చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఒకరికి కొమ్ములు పెట్టి చూశాను, ఇంకొకరికి భుజాల మీద ముళ్ళు పెట్టి చూశాను, అవి పైన అతికించినట్టే ఉన్నాయి తప్ప ఆ మనుషులవి అనిపించడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి. ఇంకో చిన్న సందేహం, అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కదా, కవచం ఎంత బరువున్నా నడుస్తుందా?

చిటికి దారం, పోచంపల్లి

తమ్మీ, మాది మగ్గం ఇల్లు కాబట్టి నాకు మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే, ఆ కవచం ఎవరు చేశారు? చిరిగితే ఎవరు కుడతారు? అది తేలకుండా కొమ్ములు, ముళ్ళు ఎన్ని పెట్టినా అతికించినట్టే ఉంటుంది.

మా దగ్గర చిటికి కట్టేటప్పుడు నేత మొదలవకముందే దారానికి సైకిల్ ట్యూబ్ ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. తర్వాత నేస్తుంటే డిజైన్ దానంతటదే బయటికొస్తుంది. నేతలో దారం వెంట్రుకంత జరుగుతుంది కాబట్టి పువ్వు అంచు కత్తిరించినట్టు ఉండదు, చెదిరినట్టు ఉంటుంది, ఆ చెదురు చూసే ఇది అచ్చు వేసింది కాదని చెబుతాం. నీ వర్గం గుర్తు కూడా అలా తయారీలోంచి రావాలి, పైన పెయింట్ వేసినట్టు కాదు.

ఉత్తరం వాళ్ళకు ఫ్యాక్టరీలున్నాయి కదా, సిరామిక్ పలకలు ఇవ్వు. బోరాన్ కార్బైడ్ లాంటివి సుమారు 2000 డిగ్రీల వేడిలో అచ్చులో నొక్కి చేస్తారు, అది ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే వాళ్ళ సైనికులందరివీ ఒకే అచ్చు పలకలు, ఒకే అంచు, ఒకే సైజు. పలక గట్టిదే, తగిలిన దాని మొనను పగలగొడుతుంది, కానీ తనూ బీటలు వారుతుంది, అదే చోట రెండో దెబ్బ పడితే నమ్మకం లేదు. అంటే వాళ్ళకు వెనక నుంచి కొత్త పలకలు వస్తూనే ఉండాలి. దక్షిణం వాళ్ళకు నార బట్ట ఇవ్వు, తూటాలు ఆపే జాకెట్లలో వాడే కెవ్లార్ లాంటిది. 1965లో స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ డ్యుపాంట్ కంపెనీలో కనిపెట్టిన దారం అది. బట్ట అయితే దగ్గర కూర్చుని కుట్టుకోవచ్చు. యుద్ధంలో దొరికిన శత్రువు పలక ముక్కలను పెంకుల్లా పేర్చి ఆ బట్ట లోపల కుట్టుకుంటారు, ఇటుక రంగు చిరుగులోంచి నీలం ముక్క తొంగి చూస్తుంది, అది చూస్తేనే వాళ్ళ కథ తెలిసిపోతుంది.

పాలమూరు ఫోమ్, మహబూబ్‌నగర్

నేను కామిక్ కాన్‌లకు, అంటే బొమ్మల కథల అభిమానులు వేషాలేసుకుని వచ్చే మేళాలకు, ఫోమ్‌తో కవచాలు చేస్తుంటాను. మొదటిసారి భుజాలకు 10 మిల్లీమీటర్ల షీట్‌ను హీట్ గన్‌తో వంచి, పెద్దగా, మెడ దాకా పెట్టాను. అద్దంలో చాలా బాగుంది. వేసుకుని బస్సెక్కాక పైన కమ్మీ పట్టుకుందామంటే చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు, భుజం ముక్క వచ్చి దవడకు గుచ్చుకుంది. సగం దారి అలా నిలబడే పోయాను, ఇంటికొచ్చాక ఆ ముక్కను మూడుగా కోసి ఒకదాని కింద ఒకటి జారేలా పట్టీలతో కట్టాను.

కాబట్టి గీసే ముందు మనిషిని చెయ్యి పైకెత్తించి, గొంతుకూర్చోబెట్టి, తన కాళ్ళ వైపు చూడమని చెప్పి చూడండి. చంక, మోచేతి లోపల, మోకాలి వెనక, ఈ మూడు చోట్లా పలక పట్టదు. పాతకాలం యూరప్ ఉక్కు కవచం మొత్తం 15 నుంచి 25 కిలోలు ఉండేది, ఒంటి మీద అంతటా పంచారు కాబట్టి దాంతోనే గుర్రమెక్కేవాళ్ళు, చంక దగ్గర మాత్రం ఇనుప కడియాల అల్లిక పెట్టేవాళ్ళు. మన వైపు అల్లిక మధ్యలో చిన్న చిన్న పలకలు కూర్చి చేసినవి ఉండేవి. ఆ మూడు ఖాళీలను ఒక్కో వర్గం ఎలా మూసుకుంటుందో అక్కడే మీకు సగం తేడా దొరుకుతుంది.

మిర్యాలగూడ మెకానికల్

బరువు సంగతి ముందు చెప్తా. అంగారకుడి మీద గురుత్వాకర్షణ మన దగ్గర ఉన్నదాంట్లో 38 శాతం, 30 కిలోల కవచం 11 కిలోల పైచిలుకు మోసినట్టు అనిపిస్తుంది. కానీ ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. పరుగెత్తుతూ ఆగాలన్నా, పక్కకు తిరగాలన్నా 30 కిలోలను ఆపాల్సిందే, పైగా పాదం నేల మీద గట్టిగా ఆనదు కాబట్టి జారుతుంది. అందుకని చేతుల, కాళ్ళ కొనలు బరువుగా పెట్టొద్దు, బరువంతా మొండెం దగ్గర ఉండాలి, అరికాలికి మాత్రం మంచి పట్టు ఇవ్వండి.

చిటికి దారం అక్క చెప్పినదాంట్లో ఒకటి మార్చాలి. గుళిక సెకనుకు ఐదారు కిలోమీటర్ల వేగంతో వస్తే ఒక్క దళసరి బట్ట ఆపలేదు. అంత వేగానికి పనికొచ్చేది ఖాళీ. ఫ్రెడ్ విపుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1940లలో చెప్పిన పద్ధతి, ముందు ఒక పల్చటి రేకు, తర్వాత ఖాళీ, వెనక అసలు గోడ. రేకుకు తగలగానే ఆ వేగానికి గుళికే పొడైపోయి ఖాళీలో చెదురుతుంది, వెనక గోడ మీద దెబ్బ పంచుకుపోతుంది. అంతరిక్ష కేంద్రానికి ఉన్న కవచం ఇదే. వేగం తక్కువైతే మాత్రం గుళిక చెదరదు, మామూలు తూటాకు ఈ పద్ధతి పనిచెయ్యదు.

ఇప్పుడు మీ కథ చూడండి. ఉత్తరం వాళ్ళ మీదికి వచ్చేవి నెమ్మదైన బరువు మేకులు, వాళ్ళకు ఒంటికి అతుక్కున్న గట్టి పలక కావాలి, సన్నగా కనిపిస్తారు. దక్షిణం వాళ్ళ మీదికి వచ్చేది మహా వేగం, వాళ్ళకు పొరలూ ఖాళీలూ కావాలి, ఉబ్బుగా కనిపిస్తారు. ఎవరి కవచం ఎలా ఉండాలో ఎదుటివాడి తుపాకీ చెబుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో కూడా ఇక కలవవు. అక్క చెప్పిన పలక ముక్కలు లోపలి గోడకు బాగా సరిపోతాయి.

ఇంకోటి, అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో 1 శాతం కూడా లేదు. గాయం చిన్నదైనా చిల్లు పడితే ఊపిరి పోతుంది, కాబట్టి అతుకు ముక్కలు కుడిచేతికి అందేలా ఛాతీ మీదే ఉండాలి. దుమ్ము కూడా మర్చిపోవద్దు, 1972లో అపోలో 17 వాళ్ళు మూడు రోజులు బయట తిరిగేసరికి చంద్రుడి దుమ్ము గ్లౌజుల పైపొరను అరగదీసింది. కీళ్ళకు తొడుగులు గీయండి.

గుట్టకింది గీతలు, నల్లగొండ

అక్కా, అన్నలూ, రాత్రి రెండింటి దాకా కూర్చుని మళ్ళీ గీశాను. ఉబ్బు పొరలు పెట్టగానే దక్షిణం వాళ్ళు వేరే మనుషులైపోయారు. పాలమూరు అన్న చెప్పినట్టు చెయ్యెత్తించి చూస్తే ఉత్తరం వాళ్ళ భుజం నిజంగానే దవడకు తగిలింది, దాన్ని కూడా మూడుగా కోశాను.

హెల్మెట్ దగ్గర మాత్రం ఇంకొకటి తట్టింది. మా తాతది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను బిగుసుకుపోయింది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మెడ తిప్పలేక, మంచం పట్టె పట్టుకుని ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. దక్షిణం వాళ్ళు తాగేది లోతు బోరు నీళ్ళే కదా, పెద్ద వయసు సైనికుల మెడలు అలాగే ఉంటాయి. అందుకని వాళ్ళ హెల్మెట్‌కు అద్దం ముందు ఒక్కటే కాకుండా రెండు చెవుల వెనక దాకా పెట్టాను, తల కదలకుండా కళ్ళు తిప్పితే చాలు. వీపు పలక కూడా నిటారుగా కాకుండా వంగిన నడుముకు తగ్గట్టు చేశాను.

ప్రతి దళంలో ఒకరి వీపు మీద కుళాయి ఉన్న డబ్బా కూడా గీశాను. 1970లలో నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు కదా, ఆ డబ్బా దానికే. మెకానికల్ అన్నా, నీళ్ళు తేటపడాలంటే డబ్బా కాసేపు కదలకుండా ఉండాలి, ఆ మోసే మనిషిని బండ చాటున కూర్చోబెట్టి చుట్టూ మిగతావాళ్ళను నిలబెట్టి గీస్తున్నాను. ఆ డబ్బాకు కూడా రేకు, ఖాళీ, గోడ పెట్టాలంటారా, లేక మనిషికి పెట్టింది చాలా?

మిర్యాలగూడ మెకానికల్

డబ్బాకు కూడా పెట్టు తమ్మీ. ముందు దాన్నే కొడతారు.