సమస్యాపూరణం: ‘వేఱు సేయువాఁడె వెఱ్ఱివాఁడు’

నిర్వాహకులు, అనంతపురం:
ఈసారి ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇస్తున్నాం, దాంతో ముగిసేట్టు మిగతా పాదాలు రాయండి. వీలైతే పద్యంలో ‘వివేచన’ అనే మాట ఇమడ్చండి. ఈ మాటలో మొదట లఘువు (పొట్టిగా పలికే అక్షరం), వెంటనే గురువు (పొడుగ్గా పలికేది). ఆటవెలదిలో వచ్చే గణాలు, అంటే అక్షరాల గుంపులు, రెండు రకాలు: సూర్యగణం గానీ ఇంద్రగణం గానీ అట్లా మొదలుకాదు. దీనితో పాదం ఎత్తుకుంటే అక్కడే బోల్తా. ‘వి’ని ముందు గణం తోకకు తగిలించి, ‘వే’తో కొత్త గణం ఎత్తుకోండి.

కదిరి సభ్యులు:
విత్తనంపుఁ గాయ వేసవిలోననే
పొట్టు తీసి గింజ పోగు పెట్టి
పొలము విత్తి మొలక పుట్టలే దనియెడి
వేఱు సేయువాఁడె వెఱ్ఱివాఁడు

నిర్వాహకులు:
భలే అన్నా, శెనక్కాయ విత్తనం సంగతి పట్టుకున్నారు. కాయలోనే దాచి, విత్తే ముందు ఒలవాల. తొందరపడి ఒలిస్తే మొలకశాతం పడిపోతుంది. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే పొత్తు) చెల్లినాయి. అయితే ‘పొట్టు తీసి’ అంటే గింజమీది ఎర్రపొర తీసినట్టు కూడా వినబడుతుంది. అది పోయిన గింజ ఎప్పుడు నాటినా దండగే, ఇంక వేసవి ప్రస్తావన ఎందుకు? రెండో పాదం ‘ఒలిచి గింజలెల్ల నుంచి, పిదప’ అని మార్చండి.

ప్రొద్దుటూరు సభ్యురాలు:
కులవివక్షతోడ గుడిసెవాసులఁ జూచి
యూరి బయటఁ బెట్టి యుద్ధతముగ
నీరు దోడు చోట నియమాల పేరిట
వేఱు సేయువాఁడె వెఱ్ఱివాఁడు

నిర్వాహకులు:
గణాలు సరిపోయినాయమ్మా. ‘నియమాల’ వాడుకరూపం, పట్టింపు ఉన్నవాళ్లు ఒప్పరు. అసలు చిక్కు ‘వివక్ష’ది. సంస్కృతంలో అది ‘వచ్’ ధాతువునుంచి వచ్చింది, అర్థం చెప్పాలనే కోరిక. భేదభావం అనే అర్థం తెలుగు వాడుకలో స్థిరపడింది కాబట్టి ఇక్కడ తప్పు పట్టను. కానీ ‘వివేచన’కు బదులుగా దీన్ని పెట్టొద్దు. ఆ మాటకు మూలం ‘విచ్’, వేరుచేయడం. ‘వివేకం’ కూడా అక్కడిదే. ‘విచక్షణ’ది మళ్లీ ‘చక్ష్’ ధాతువు.

గుత్తి సభ్యులు:
అగ్ని నుండి వేడి నర్థవివేచన
మనసులోనఁ జేయు మనుజుఁ డుండ
చేతితోడ నట్లె చీల్చి చూపుదునని
వేఱు సేయువాఁడె వెఱ్ఱివాఁడు

తాడిపత్రి సభ్యులు:
‘అర్థ’ కేవలం యతికోసం వచ్చింది గదా అయ్యా? వేడి పదార్థగుణం, అర్థం కాదు.

నిర్వాహకులు:
నిజమే. ఇంకోటి, ‘మనసులోన’ పునరుక్తి. వివేచన జరిగేదే మనసులో. బియ్యంలో రాళ్లు ఏరుతాం, చేటతో చెరుగుతాం, కళ్లంలో తూర్పారబడతాం. బియ్యాన్ని వివేచించినామని ఎవరూ అనరు. మూడో పాదంలోని ‘చేతితోడ’కు బలం రావాలన్నా ఆ ‘మనసు’ పోవాల.

గుత్తి సభ్యులు:
సవరించినా:
అనలమందుఁ గల్గు నౌష్ణ్యవివేచన
చేసి తెలుపు మేటి చెంత నుండ

నిర్వాహకులు:
‘ఔష్ణ్యం’ నోటికి కొంచెం గట్టిగా తగులుతుంది గానీ, అ-ఔ యతి చెల్లుతుంది. ‘కల్గు’ మీద నుగాగమం (అచ్చు ముందు వచ్చి చేరే ‘న్’) కూడా సరిగానే పడింది. ఉంచండి.