పద్మిని కారు కింద పాత తారు కోటింగ్ తీయడం ఎలా?

మల్కాజిగిరి పద్మిని:
నాన్నగారి ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్, మా రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా కదలకుండా ఉంది. ఇంజను తిరుగుతోంది, దాని గురించి దిగులు లేదు. టెన్షన్ అంతా బండి కింద. తొంభైల్లో ఎప్పుడో కొట్టించిన నల్ల తారు కోటింగు, దాని మీద ఇంకో కోటింగు, ఆపైన మట్టీ గ్రీజూ కలిసి కొన్నిచోట్ల వేలి మందం పేరుకుంది.

పోయిన ఆదివారం గ్రైండర్‌కు వైర్ బ్రష్ బిగించి మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో తారు వేడెక్కి కరిగి బ్రష్ నిండా పట్టేసింది. మిగిలింది గోడ మీదికీ, ఆరేసిన దుప్పట్ల మీదికీ చిమ్మింది. ఇంట్లో ఇంకా ఆ దుప్పట్ల సంగతే నడుస్తోంది. పెయింట్ రిమూవర్ రాస్తే పైపైన మెత్తబడింది తప్ప లోపలికి దిగలేదు. మా టింకరింగ్ మేస్త్రి "బ్లో ల్యాంప్‌తో కాల్చేద్దాం సార్, పూటలో అయిపోద్ది" అంటున్నాడు. పెట్రోల్ ట్యాంకు ఇంకా బండిలోనే ఉంది, నాకు ధైర్యం చాలలేదు. అసలు మొత్తం తీయాలా? పైన మళ్ళీ ఒక కోటు కొట్టిస్తే సరిపోదా?

బాలానగర్ భాయ్:
గాలితో ఇసుక కొట్టి శుభ్రం చేసే శాండ్ బ్లాస్టింగ్‌కు ఇచ్చెయ్ అన్నా. ఒక్క రోజు పని. నువ్వు కింద పడుకొని తిప్పలు పడుడు ఎందుకు?

నాచారం పాత షెడ్డు:
భాయ్ చెప్పింది తుప్పుకు పనికొస్తుంది, తారుకు కాదు. తారు మెత్తగా రబ్బరులా ఉంటుంది కదా, ఇసుక దానికి తగిలి వెనక్కి ఎగిరిపోతుంది. తారు పోయేదాకా కొడుతూ కూర్చుంటే పక్కనున్న పల్చటి రేకు వంకర పోతుంది. లోపలి సందుల్లో చేరిన ఇసుక మళ్ళీ బయటికి రాదు. ముందు తారు చేత్తో తీసి, తర్వాత కావాలంటే బ్లాస్టింగ్.

నా 1978 అంబాసిడర్‌కు నాలుగు నెలల ఆదివారాలు పట్టింది. పూటలో అయ్యే పని కాదు. బ్లో ల్యాంప్ వద్దే వద్దు. వేడి గాలి ఊదే హీట్ గన్ తీసుకోండి, రాణిగంజ్‌లో ఏ టూల్స్ షాపులో అడిగినా ఇస్తారు. తక్కువ వేడిలో పెట్టి అరచేయి అంత చోటును మాత్రమే వేడి చేయాలి. తారు మెరుపెక్కి మెత్తబడగానే, పెయింటర్లు పుట్టీ పెట్టే పట్టీతో గీకితే చాపలా లేచి వస్తుంది. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే, గన్ వెనక్కి లాగాలి.

మొదలుపెట్టే ముందు ట్యాంకు దించేయండి. సీట్లు, కార్పెట్, దాని కింది ఫెల్టు కూడా తీసేయాలి. నేను తీయలేదు. కింద నేను హాయిగా గీకుతుంటే పైన ఫెల్టు రాజుకుంది. మా ఆవిడ చూసి బకెట్ నీళ్ళు కుమ్మరించింది కాబట్టి బండి మిగిలింది. బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తారు కింద అవి కనబడవు, పట్టీ అంచు తగిలితే అంతే.

చలికాలంలో ఇంకో దారి ఉంది. డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున తారు పెళుసెక్కుతుంది. మొద్దు ఉలి పెట్టి చిన్నగా కొడితే పెంకులుగా రాలుతుంది, గన్‌తో పని లేదు. మే నెలలో ఈ పని పెట్టుకున్నవాడికి దండం.

గీకాక మిగిలే నల్లటి పొరకు డీజిల్‌లో తడిపిన గుడ్డ. పది నిమిషాలు నాననిచ్చి తుడవాలి. రబ్బరు హోసులకు, బుష్‌లకు డీజిల్ తగలకుండా కవర్లు కట్టండి. డీజిల్ వాడిన చోట ఆ రోజు హీట్ గన్ ముట్టుకోవద్దు. పెట్రోల్‌తో తుడిచే తెలివి అసలే వద్దు. చివర్లో థిన్నర్‌తో జిడ్డు పూర్తిగా పోవాలి, లేకపోతే ప్రైమర్ పట్టదు.

కళ్ళద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. పాతకాలం కోటింగుల్లో కొన్నిట్లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు, అందుకే గ్రైండర్‌తో పొడి చేయడం కంటే ముక్కలుగా తీయడమే మేలు. కింద పాత ఫ్లెక్సీ పరచండి, ఎన్నికలవి గట్టిగా ఉంటాయి. రాలినదంతా మూట కట్టేయొచ్చు. జాకీని నమ్మి మాత్రం బండి కింద దూరకండి. నాలుగు స్టాండ్లు వేయండి, తీసిన చక్రాలు బాడీ కిందికి తోసి ఉంచండి.

మొత్తం తీయాలా అన్నారు. తారు మొండికేసి రాకపోతే సంతోషించండి, దాని కింద రేకు బాగున్నట్టు. పట్టీ పెట్టగానే అప్పడంలా ఊడిందంటే అక్కడ భయపడాలి. తారుకూ రేకుకూ మధ్య నీళ్ళు చేరి ఏళ్ళ తరబడి తింటున్నాయన్నమాట. పైన మళ్ళీ కొట్టిస్తే ఆ నీళ్ళను లోపల పెట్టి మూత వేసినట్టే. గట్టిగా అంటుకున్న చోట నేను కొంత వదిలేశాను, ఊడిన చోట మాత్రం మెరిసే రేకు కనబడేదాకా వదల్లేదు.

ఏఎస్ రావు నగర్ నుంచి:
పెద్దాయన చెప్పినదానికి ఒక్కటి కలుపుతున్నా. రేకులు కలిసే అతుకుల్లో కంపెనీ పెట్టిన సీలర్ ఉంటుంది. చూడటానికి తారులాగే ఉంటుంది. తొందరలో దాన్నీ పీకేసి మర్చిపోయాను, మొదటి వానకే కాళ్ళ దగ్గర నీళ్ళు. పీకితే పీకారు, ఎపాక్సీ ప్రైమర్ తర్వాత మళ్ళీ సీలర్ పెట్టాకే కొత్త కోటింగ్ కొట్టండి. నీళ్ళు పోయే రంధ్రాలకు ముందే టేపు వేయండి, అవి మూసుకుపోతే పాత కథే. సైలెన్సర్ మీద, బ్రేకు హోసుల మీద కొట్టనివ్వకండి.

మల్కాజిగిరి పద్మిని:
రెండు ఆదివారాలు అయ్యాయి. వెనక కమాన్ పట్టీల దగ్గర తారు చచ్చినా రావట్లేదు, సంతోషించాను. డ్రైవర్ కాళ్ళ కింద మాత్రం పట్టీ పెట్టగానే చాపంత ముక్క ఊడి ఫ్లెక్సీ మీద పడింది. దాని వెనకాలే ఇంకో రేకు ముక్క. తిప్పి చూస్తే నూనె డబ్బా రేకు, మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఇంకా కనబడుతోంది. ఎవరో చిల్లుకు దాన్ని అడ్డం పెట్టి తారు పూసేశారు. వెల్డింగ్ కూడా లేదు. నాన్న ఇన్నేళ్ళూ ఆ డబ్బా మీద కాళ్ళు పెట్టి నడిపాడన్నమాట.

ఇప్పుడు అక్కడ నా రెండు పిడికిళ్ళు పట్టేంత చిల్లు ఉంది. దాని చుట్టూ గట్టి రేకు దొరికేదాకా కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయిద్దామని మేస్త్రితో మాట్లాడాను, ఈసారి బ్లో ల్యాంప్ మాట ఎత్తలేదు.

నాచారం పెద్దాయనా, నా దగ్గర స్టాండ్లు రెండే ఉన్నాయి. ఇంకో రెండు ఇస్తే వెల్డింగ్ అయ్యేదాకా ఉంచుకుంటాను.

నాచారం పాత షెడ్డు:
వచ్చి తీసుకెళ్ళండి. ఆ డబ్బా రేకు కూడా తీసుకురండి, చూడాలి.