ఔస్‌మాఖెన్ గోల: ప్రిఫిక్స్ అర్థం పట్టుకుని నేర్చుకోవాలా, వాక్యాలు బట్టీ కొట్టాలా?

హాంబర్గ్_చలిపిల్ల
అందరికీ నమస్తే. జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు, నేర్చేసుకుని గట్టెక్కినవాళ్లు కాస్త తీర్పు చెప్పండి. మా ఇంట్లో పది రోజులుగా ఇదే గొడవ.

ముందు జరిగింది చెప్తాను. పోయిన జూన్‌లో ఆఫీసులో చేరిన రెండో వారం. పక్క సీటావిడ కిటికీ దగ్గర నిలబడి నా వైపు చూసి “మాఖ్ట్ ఎస్ దీర్ వాస్ ఔస్, వెన్ ఇష్ దాస్ ఫెన్‌స్టర్ ఔఫ్‌మాఖె?” అంది. నా చెవిన పడింది మూడే ముక్కలు: మాఖ్ట్, ఔస్, ఫెన్‌స్టర్. ఔస్‌మాఖెన్ అంటే లైటో ఫ్యానో ఆపెయ్యడం అని ఏ1 క్లాసులో చెప్పారు, సరే ఏదో ఆపాలంటోంది కాబోలు అనుకుని నవ్వుతూ “యా, యా” అన్నాను. ఆవిడ మొహం అదోలా పెట్టి వెళ్లి కూర్చుంది. కిటికీ తెరవలేదు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు కూడా. ఆగస్టులో టీమ్‌లో ఇంకొకతను చెప్తే అప్పుడు తెలిసింది, ఆవిడ అడిగింది “నేను కిటికీ తెరిస్తే నీకేమైనా ఇబ్బందా?” అని. నేను “అవును, ఇబ్బందే” అన్నానన్నమాట, అదీ పళ్లికిలిస్తూ. గంటకోసారి కిటికీ తెరిచి గాలి మార్చకపోతే వీళ్లకి ఊపిరాడదు, అలాంటిది ఎండాకాలమంతా నా మూలాన ఉడికిపోయారు పాపం. నాకు చలిమనిషి అని పేరు కూడా పడిపోయింది.

ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే ఔస్‌మాఖెన్‌కి లైటు ఆర్పడం, టైము మాట్లాడుకుని ఖాయం చేసుకోవడం, ఇబ్బందిగా ఉండడం, ఇంకా ఏవేవో. మా ఆయనేమో “ఔస్ అంటే బయటికి, అయిపోవడం. ప్రిఫిక్స్ అర్థం పట్టుకుంటే అన్నీ వస్తాయి” అంటాడు. నేనేమో ప్రతిదీ వేరే మాట అనుకుని వాక్యంతో సహా బట్టీ కొట్టాల్సిందే అంటాను. మీరేమంటారు?

స్టుట్‌గార్ట్_బోల్టు
మీ ఆయన వైపు నేను. ట్రెన్‌బార్ వెర్బులు, అంటే ప్రిఫిక్స్ విడిపోయే క్రియలు, వందల్లో ఉన్నాయి, అన్నీ విడివిడిగా బట్టీ కొడితే పింఛను తీసుకునే వయసొస్తుంది. అదే ప్రిఫిక్సులైతే రోజూ వాడేవి పది పన్నెండు. రైల్లో చూడండి: ఐన్‌ష్టైగెన్ ఎక్కడం, ఔస్‌ష్టైగెన్ దిగడం, ఉమ్‌ష్టైగెన్ మారడం. టౌన్ ఆఫీసులో చూడండి: ఇల్లు మారిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డెన్, అంటే అడ్రసు నమోదు, చేయించుకోవాలి, ఊళ్లోనే ఇంకో ఇంటికెళ్తే ఉమ్‌మెల్డెన్, దేశం విడిచి వెళ్తే అబ్‌మెల్డెన్. ఒక్క మెల్డెన్ తెలిస్తే మూడు పనులు అయిపోయాయి. ఔఫ్‌మాఖెన్ తెరవడం, త్సూమాఖెన్ మూయడం, ఆన్‌మాఖెన్ వెలిగించడం, ఔస్‌మాఖెన్ ఆర్పడం. ఇంత శుభ్రంగా ఉంటే బట్టీ ఎందుకు?

బి1_బాధితుడు
అన్నా, ఔఫ్ అంటే పైన, హోరెన్ అంటే వినడం. మరి ఔఫ్‌హోరెన్ అంటే “ఆపెయ్” ఎలా అయింది? ఫాంగెన్ అంటే పట్టుకోవడం, ఆన్‌ఫాంగెన్ అంటే మొదలుపెట్టడం. నాకు నెలలో పరీక్ష, కొంచెం త్వరగా చెప్పండి.

స్టుట్‌గార్ట్_బోల్టు
ప్రతిదానికీ ఒకటో రెండో తేడాగా ఉంటాయి తమ్ముడూ. ఆలోచిస్తే లాజిక్ దొరుకుతుంది. టెర్మీన్ (అపాయింట్‌మెంట్) ఔస్‌మాఖెన్ అంటే ఇద్దరూ మాట్లాడుకున్న దాంట్లోంచి ఒక టైము బయటికి తీయడం.

కాసెల్_నైట్‌డ్యూటీ
అది లాజిక్ కాదు బోల్టు గారూ, అర్థం తెలిశాక అల్లుకున్న కథ. తెలియకముందు ఆ కథ ఎవరికైనా తడుతుందా? మన “బోర్ కొడుతోంది”లో ఎవరు ఎవర్ని కొడుతున్నారు? గోడకి రంగు కొట్టాం, జేబు కొట్టేశాడు, బండిలో గాలి కొట్టించాం. తెలుగు నేర్చుకునే జర్మనావిడకి “కొట్టు అంటే హిట్టు, మిగతావి ఆలోచించుకో” అంటే ఆవిడ సైకిల్ పంపుతో ఎవర్నో కొట్టి వస్తుంది.

నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని, నాలుగేళ్లయింది. వచ్చిన కొత్తలో రౌండ్స్‌లో డాక్టర్ పేషెంట్ మంచం పక్కన నిలబడి “జీ మ్యూసెన్ అబ్‌నేమెన్” అన్నారు. మాకు క్లాసులో బ్లూట్ అబ్‌నేమెన్, అంటే రక్తం తీయడం, తెగ రుద్దారు. అబ్ అంటే నుంచి వేరు చేయడం, నేమెన్ అంటే తీసుకోవడం, ఇంకేం, లాజిక్ అతికినట్టు సరిపోయింది! నేను పరుగున వెళ్లి ట్యూబులు, సూది, కట్టు అన్నీ ట్రేలో పెట్టుకుని వచ్చాను. డాక్టర్ చెప్పింది నాకు కాదు, పేషెంట్‌కి: “మీరు బరువు తగ్గాలి” అని. ఆ పెద్దాయన ట్రే చూసి “ఇలా తీసి తగ్గిస్తారా?” అన్నాడు. వార్డంతా నవ్వు. కాబట్టి ప్రిఫిక్స్ అర్థం మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

హాంబర్గ్_చలిపిల్ల
అక్కా 😂 మా ఆయనకి చదివి వినిపించాను, “అది మినహాయింపు” అంటున్నాడు.

కాసెల్_నైట్‌డ్యూటీ
ఎన్ని మినహాయింపులైతే రూల్ పోతుందో అడుగమ్మా ఆయన్ని. ఫోన్ ఎత్తడం కూడా అబ్‌నేమెనే.

మాస్టారు_విశ్రాంతిలో
నాకు జర్మన్ రాదు. మా అమ్మాయి అక్కడ ఉంది, మనవరాలి కోసం ఈ మధ్య కొంచెం మొదలుపెట్టాను. తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్లు పనిచేశాను కనుక ఒక మాట.

మీరు ప్రిఫిక్స్ అంటున్నది మన ఉపసర్గే. ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం, అయిదింటికీ ధాతువు ఒకటే. ఒకటి దెబ్బ, ఒకటి అన్నం, ఒకటి చావు, ఒకటి షికారు, ఒకటి నష్టానికి ఇచ్చే డబ్బు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా ఎక్కడికో లాక్కుపోతుందని పాతవాళ్లు ఈ అయిదు మాటలే ఉదాహరణగా చెప్పారు. “ఆ” ఉపసర్గ అర్థం తెలిసినంత మాత్రాన ఆహారం అంటే అన్నమని తెలియదు. ఇంకో తమాషా, వేదంలో ఉపసర్గ క్రియ నుంచి విడిపోయి దూరంగా కూడా ఉంటుంది, మధ్యలో వేరే పదాలు వస్తాయి. ఛందస్సులో, అంటే వేదభాషలో, అలా ఉండొచ్చని పాణిని సూత్రమే రాశాడు. తర్వాతి సంస్కృతంలో అది పోయింది. మీ జర్మన్‌వాళ్లు ఆ పని రోజూ కాఫీ తాగుతూ చేస్తున్నారు, అంతే తేడా.

స్టుట్‌గార్ట్_బోల్టు
మాస్టారూ నమస్కారం. చాలా బాగుంది కానీ మీరు నా వైపో వాళ్ల వైపో అర్థం కాలేదు.

మాస్టారు_విశ్రాంతిలో
నాకూ ఇంకా తేలలేదు నాయనా.

బి1_బాధితుడు
నా అసలు బాధ అర్థం కాదండీ, వినడం. బి1 పరీక్షలో హోరెన్, అంటే వినే పేపర్లో, కొన్ని భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. “ఇష్ జాగె దెన్ టెర్మీన్ అమ్ డోనెర్స్‌టాగ్...” అని మొదలవుతుంది, గురువారం అపాయింట్‌మెంట్ ఉందనుకుని టిక్కు పెట్టేస్తాను, తీరా చివర్లో “అబ్” అంటాడు. అబ్‌జాగెన్, రద్దు. అదే త్సూ అని ఉంటే ఒప్పుకున్నట్టు. ఒక్క అక్షరం కోసం వాక్యమంతా ఊపిరి బిగబట్టి ఉండాలి. క్లాసులో సార్ “ప్రిఫిక్స్ ఎప్పుడూ వాక్యం చివర వస్తుంది, అక్కడ చూడు” అంటారు, అంతే.

కాసెల్_నైట్‌డ్యూటీ
తమ్ముడూ, నేను చేసిన పని చెప్తాను, మన భాష వాళ్లకే పనికొచ్చే చిట్కా ఇది.

ప్రిఫిక్స్ విడిపోయి చివరికి పారిపోతుందని అందరూ చెప్తారు. తిరగేసి చూడు. ప్రిఫిక్స్ ఎక్కడికీ పోలేదు, తన చోటే ఉంది. పారిపోయింది క్రియ. ఎలాగంటే, వాక్యంగా కాకుండా పని పేరుగా రాసుకో: “మిట్ దేమ్ ఆర్ట్స్ట్ ఐనెన్ టెర్మీన్ ఔస్‌మాఖెన్”. ఇప్పుడు తెలుగులో మాటకి మాట పెట్టు: డాక్టర్‌తో, ఒక అపాయింట్‌మెంట్, మాట్లాడుకోవడం. వరస ఏమైనా మారిందా? అచ్చు మనదే, క్రియ చివర. “దాస్ లిష్ట్ ఇమ్ ఫ్లూర్ ఔస్‌మాఖెన్”: లైటు, వసారాలో, ఆర్పడం. ఇదీ అంతే.

ఇప్పుడు దీన్ని “నేను మాట్లాడుకుంటాను” అని మామూలు వాక్యం చేయాలంటే ఒక్కటే పని: మాఖె అనే ముక్కని పీకి రెండో స్థానంలో పెట్టు. “ఇష్ మాఖె మిట్ దేమ్ ఆర్ట్స్ట్ ఐనెన్ టెర్మీన్ ఔస్.” మిగతాదంతా ఉన్నచోటే ఉంది. ఔస్ కూర్చున్న చోటు మన తెలుగు క్రియ కూర్చునే చోటే. వాక్యంలో వెన్ (“తెరిస్తే”లో “తే” లాంటిది), వైల్ (ఎందుకంటే), దాస్ (“అని” అర్థం వచ్చేది, దాస్ లిష్ట్‌లోది కాదు) లాంటివి వస్తే పీకే పని కూడా లేదు, రెండూ కలిసి చివరే ఉంటాయి. చలిపిల్లా, నీ కిటికీ వాక్యంలోనే చూడు, ఔస్ విడిపోయింది, ఔఫ్‌మాఖె విడిపోలేదు, ఎందుకంటే ముందు వెన్ ఉంది.

నేను చీటీల మీద ఔస్‌మాఖెన్ అని ఒంటరిగా రాయడం మానేశాను. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ, పని పేరు మొత్తంగా. ఒక చీటీ మీద మూడు అర్థాలు రాస్తే మూడూ గుర్తుండవు.

స్టుట్‌గార్ట్_బోల్టు
ఇది మాత్రం నిజంగా బాగుంది. ఇన్నేళ్లుగా ఇక్కడున్నాను, నాకు తట్టలేదు. కానీ ఒక్క చిక్కు. “చివర” అని మళ్లీ మీరూ అంటున్నారు. చలిపిల్ల గారి వాక్యంలో ఔస్ చివర లేదు, మధ్యలో ఉంది! “మాఖ్ట్ ఎస్ దీర్ వాస్ ఔస్” దగ్గరే ఒక వాక్యం పూర్తయిపోయింది, వెన్ తర్వాతది తోక. “ఇష్ రూఫె దిష్ ఆన్, వెన్ ఇష్ ఫెర్టిష్ బిన్” (నా పని అయ్యాక నీకు ఫోన్ చేస్తాను) కూడా అంతే, ఆన్ తర్వాత ఇంకో ముక్క ఉంది. చివరే వస్తుందని ఎదురుచూస్తే మధ్యలో వచ్చింది జారిపోతుంది. ఆవిడకి జరిగింది అదే అనుకుంటా.

కాసెల్_నైట్‌డ్యూటీ
ఒప్పుకుంటున్నా. మనం “కిటికీ తెరిస్తే” ముందు చెప్పి “ఇబ్బందా” తర్వాత అంటాం, వాళ్లు తిరగేస్తారు. అక్కడ మన వరస పనిచేయదు. అందుకని చెవి పట్టుకోవాల్సింది చోటుని కాదు, ఊనికని. విడిపోయే ప్రిఫిక్స్‌ని ఎప్పుడూ నొక్కి పలుకుతారు. బె, గె, ఎర్, ఫెర్, త్సెర్, ఎంట్ లాంటివి నొక్కరు, అవి విడిపోవు కూడా.

స్టుట్‌గార్ట్_బోల్టు
అవును, ఉమ్, ఊబెర్, ఉంటెర్, దుర్ష్ రెండు రకాలుగానూ ఉంటాయి, అక్కడ ఊనికే దిక్కు. ఉమ్‌ఫారెన్‌లో ఉమ్‌ని నొక్కితే బండితో గుద్ది పడెయ్యడం, ఫా దగ్గర నొక్కితే చుట్టూ తిప్పుకుని పోవడం. డ్రైవింగ్ క్లాసులో ఇది తప్పు విన్నవాడి గతి ఊహించుకోండి.

హాంబర్గ్_చలిపిల్ల
మా ఆయన ఇప్పుడే అన్నాడు, “చూశావా, ప్రిఫిక్స్ ముఖ్యమే అంటున్నారు” అని. ముఖ్యం కాదని నేనెప్పుడన్నాను!

అక్క చెప్పినట్టు రాత్రి చీటీలు రాశాను. “ఎవరికో ఇబ్బంది” దగ్గర ఒక సంగతి దొరికింది. “దాస్ మాఖ్ట్ మీర్ నిష్ట్స్ ఔస్”లో మీర్ అంటే “నాకు”. మనమూ “నాకేం ఇబ్బంది లేదు” అనే అంటాం, “నేను” అనం. ఇంగ్లీషులో ఐ డోంట్ మైండ్ అని “నేను”తో చెప్పాలి కదా, ఇన్నాళ్లూ ఇంగ్లీషు మీదుగా వెళ్తుంటే ఈ మీర్ ఎందుకొచ్చిందో అర్థమయ్యేది కాదు. నేరుగా తెలుగులోంచి వెళ్తే దానంతటదే కూర్చుంది.

మాస్టారు_విశ్రాంతిలో
అమ్మా, ఇది మా అమ్మాయికి పంపిస్తున్నాను.

బి1_బాధితుడు
అయితే తీర్పేంటి? ప్రిఫిక్సా, బట్టీయా?

స్టుట్‌గార్ట్_బోల్టు
రైలెక్కేటప్పుడు ప్రిఫిక్స్. డాక్టర్ మాట్లాడేటప్పుడు అక్క చీటీ. పోయినవారం నేనూ ఔఫ్‌హేబెన్ దగ్గర బోల్తా పడ్డాను, కింద పడింది ఎత్తడం, జాగ్రత్తగా దాచడం, ఉన్న నిబంధన ఎత్తేయడం, మూడూ అదే మాటట. ఈ రసీదుని ఔఫ్‌హేబెన్ చెయ్యమంటే నేలమీద ఎక్కడ పడిందా అని వెతికాను. ఇంతకంటే ఏం చెప్పను.

కాసెల్_నైట్‌డ్యూటీ
😂 మన “ఎత్తు” కూడా తక్కువది కాదులెండి. పిల్లని ఎత్తుకోవడం, పార్టీ పేరెత్తడం, నిషేధం ఎత్తేయడం.

హాంబర్గ్_చలిపిల్ల
అప్‌డేట్. ఇవాళ పొద్దున నేనే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఆవిడ్ని “మాఖ్ట్ ఎస్ దీర్ వాస్ ఔస్, వెన్ ఇష్ దాస్ ఫెన్‌స్టర్ ఔఫ్‌మాఖె?” అని అడిగాను. అక్షరం తప్పు పోలేదు. ఆవిడ నోరు తెరిచి, తర్వాత పెద్దగా నవ్వి “నైన్, గార్ నిష్ట్!” అంది. తెరిచాను. బయట నాలుగు డిగ్రీలు. ఇప్పుడు వేళ్లు కొంకర్లు పోయి టైపు చేస్తున్నా, మూయమని అడగడానికి మొహం చెల్లట్లేదు.

స్టుట్‌గార్ట్_బోల్టు
త్సూమాఖెన్ చీటీ రాసుకోలేదా మరి?

కాసెల్_నైట్‌డ్యూటీ
ముందు “ఐనె యాకె ఆన్‌త్సీయెన్” చీటీ రాసుకో తల్లీ. జాకెట్, వేసుకోవడం. వరస మనదే.