బెల్టు షాపు మూయించే ముందు ఊళ్లో ఏం సిద్ధం చేసుకోవాలి? (ఉరవకొండ వైపు)

గ్రామసంఘం_లెక్కలు అడిగిన ప్రశ్న:

ఉరవకొండ దగ్గర 400 గడపల ఊరు, 22 పొదుపు సంఘాలు. లైసెన్సు ఉన్న బ్రాందీ షాపు మండల కేంద్రంలో ఉంది. ఊళ్లో మాత్రం మూడు చోట్ల బెల్టు అమ్మకం నడుస్తోంది. అందులో ఒకటి ఎస్సీ కాలనీ మొదట్లోనే, కూల్‌డ్రింకుల అంగట్లో. పొద్దున అయిదుకే క్వార్టర్ దొరుకుతుంది. అక్టోబరు 2 గ్రామసభలో "ఊళ్లో మందు బంద్, అమ్మితే 10,000, తాగితే 1,000 జరిమానా" అని తీర్మానం చేద్దామని గ్రామ సంఘం అనుకుంటోంది. ఉన్నట్టుండి ఆపేస్తే ఇబ్బంది వస్తుందా? తీర్మానం చట్టం ముందు నిలుస్తుందా? ఆశా, ఏఎన్‌ఎంలను ఎట్లా కలుపుకోవాలి?

పీహెచ్‌సీ_సిస్టర్:

అక్కా, ముందు వరస మార్చండి. అంగడి మూయించడం రెండో పని. అది మూతపడిన మర్నాడు పొద్దున చేతులు వణికే మనుషులు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడం మొదటి పని.

క్వార్టర్ అంటే 180 మి.లీ. సీసా మీద 42.8 శాతం అని ఉంటే అందులో శుద్ధ ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కగడుతుంది కాబట్టి ఒక్క క్వార్టర్ ఆరు డ్రింకులు. "రోజూ ఒక్కటేలే" అనే మాటకు ఇదీ లెక్క.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరు మతి తప్పి, లేని పురుగుల్ని, మనుషుల్ని చూస్తూ మాట్లాడతారు. ఊళ్లో దాన్ని గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. ప్రాణం పోయేది అక్కడే. ఇక మందు దొరకనివాళ్లు ఏదైనా తాగేస్తారు. 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి చనిపోయినవాళ్లను మరచిపోకూడదు.

గుర్తుపట్టడానికి 'ఆడిట్' అని పది ప్రశ్నల పత్రం ఉంది, మొత్తం మార్కులు 40. 8 నుంచి 15 వస్తే ఏఎన్‌ఎం గానీ, విలేజ్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) గానీ అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది తగ్గిస్తారు. 16 నుంచి 19 అయితే మళ్లీ మళ్లీ పిలిచి చూడాలి. 20, ఆపైన అయితే డాక్టరు చూడాల్సిందే. పత్రం లేకున్నా ఒక్క ప్రశ్న అడగండి: "పొద్దున లేస్తూనే ఒక గుటక పడకపోతే చేతులు నిలబడవా?" అవునంటే ఆ మనిషిని ఇంటి దగ్గర ఆపించవద్దు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, కామెర్లున్నవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు, అన్నం సరిగా తినక చిక్కిపోయినవాళ్లు కూడా అంతే. వార్డులో చేర్చి, డాక్టరు మందులు తగ్గించుకుంటూ వస్తే వారం రోజుల పని. చేర్చేదాకా కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప పూర్తిగా ఆపకూడదు.

ఊళ్లో తరచూ జరిగే తప్పు ఇంకొకటి. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ నేరుగా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. తాగేవాళ్లకు ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు పెడితే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. నడక తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, అయోమయం దాని గుర్తులు. ముందు బి1 (థయామిన్) ఇంజక్షన్, తర్వాతే గ్లూకోజు. మీ ఊరి ఆర్‌ఎంపీని పిలిచి ఈ ఒక్క మాటైనా చెప్పండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తాళాలు చేతిలో పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. సలహాకు 14446 (డీ-అడిక్షన్), 14416 (టెలి-మానస్) రెండూ ఉచితం.

పంచాయతీరాజ్_పాతకాపు:

తీర్మానం సంగతి. గ్రామసభకు మత్తుపానీయాలను నిషేధించే అధికారం ఇచ్చేది పెసా చట్టం. అది షెడ్యూల్డ్ (గిరిజన ఏజెన్సీ) ప్రాంతాలకే వర్తిస్తుంది, అనంతపురం జిల్లా అందులో లేదు. కాబట్టి మీ తీర్మానం ఆజ్ఞ కాదు, వినతి. అయినా చేయండి, కాకపోతే మాటలు మార్చండి: "లైసెన్సు లేకుండా ఫలానా మూడు చోట్ల మద్యం అమ్ముతున్నారు, ఎక్సైజ్ శాఖ చర్య తీసుకోవాలి" అని.

జరిమానా మాట తీసేయండి. దానికి చట్టబలం లేదు. అంతకన్నా ముఖ్యం, తాగినవాడి జరిమానా కట్టేది ఆయన భార్య, ఉపాధి కూలి డబ్బులోంచి. ఊరు కలిసి ఆమెనే శిక్షించినట్టవుతుంది.

ఫిర్యాదు చేసేటప్పుడు "మా ఊళ్లో బెల్టు షాపులున్నాయి" అంటే కాగితం కదలదు. తేదీ, గంట, ఆనవాలు రాయండి. లైసెన్సు షాపు సమయం పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా కాబట్టి తెల్లవారుజామున అమ్మడమే పెద్ద సాక్ష్యం. పారేసిన ఖాళీ సీసాలు ఏరి మూత మీది ఎక్సైజ్ లేబుల్, బ్యాచ్ నంబరు ఫొటో తీయండి. సరుకు ఏ షాపు నుంచి బయటికొచ్చిందో శాఖవాళ్లు దాన్నిబట్టి వెతకగలరు. మూల దొరక్కుండా చిన్నంగడిని మూయిస్తే పది రోజుల్లో ఇంకో గడపలో తెరుచుకుంటుంది. ఎక్సైజ్ టోల్‌ఫ్రీ 14405. సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ ఒక్కరి పేరు మీద వద్దు, గ్రామ సంఘం లెటర్‌హెడ్ మీద అందరి సంతకాలతో ఇవ్వండి. ఒంటరిగా సంతకం పెట్టిన మనిషి మీదే ఒత్తిడి వస్తుంది.

పాత సంగతి ఒకటి చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం వల్లే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. మన జిల్లాకు కర్ణాటక ఎంత దగ్గరో చూడండి, బళ్లారి వైపు నుంచి ప్యాకెట్ సరుకు సులువుగా దిగుతుంది. ఊళ్లో సీసా ఆగితే ప్యాకెట్ వస్తుంది, దానిమీదా ఒక కన్నుండాలి.

కూలిరేటు:

పై రెండూ సరే గానీ, కాలనీ మొదట్లోనే అంగడి ఎందుకు పెట్టారో అడగాలి కదా. అంతే మందు తాగినా కాలనీలో మనిషి ముందు పడిపోతాడు. ఖాళీ కడుపు, బీడీ, టీబీ మాత్రలు, ఆసుపత్రికి ఆలస్యంగా పోవడం, అన్నీ కలిసి. కాబట్టి ఆశా సర్వే కాలనీ నుంచే మొదలుకావాలి, ఊరి నడిమి నుంచి కాదు. టీబీ మందులు వాడేవాళ్ల జాబితా ఎట్లాగూ ఏఎన్‌ఎం దగ్గర ఉంటుంది, వాళ్లను మొదట కలవండి. పేర్లు మాత్రం సంఘం మీటింగులో చదవకూడదు. అట్లా చదివితే రెండో రోజు నుంచి ఎవరూ తలుపు తీయరు.

ఇంకొకటి, మేస్త్రీలతో మాట్లాడండి. సాయంత్రం కూలి బ్రాందీ షాపు దగ్గరే పంచితే సగం అక్కడే పోతుంది. ఫోన్‌పేలో గానీ, పని దగ్గరే గానీ ఇవ్వమనండి. వేరుశనగ డబ్బు చేతికొచ్చే రోజులకు ముందే ఈ ఒప్పందం జరగాలి.

గ్రామసంఘం_లెక్కలు:

చాలా ఉపయోగం అన్నా, సిస్టర్. రెండు సందేహాలు. కాలనీ అంగడి నడిపేది భర్త పోయిన ఆడమనిషి, ఆమెకు వేరే ఆధారం లేదు. ఇంకోటి, ఒకామె మాన్పించే మాత్ర తెచ్చి సాంబార్లో కలుపుతానంటోంది.

పంచాయతీరాజ్_పాతకాపు:

కేసు పెట్టకముందే ఆమెను సంఘంలోకి తీసుకోండి. పొదుపు సంఘాలవాళ్లకు ఇచ్చే స్త్రీనిధి అప్పుకు దరఖాస్తు చేయించి, అదే అంగట్లో కిరాణా సరుకు పెట్టించండి. అప్పు చేతికొచ్చాకే మందు ఆపమని గడువు పెట్టండి.

పీహెచ్‌సీ_సిస్టర్:

సాంబార్లో కలపనివ్వద్దు, ఈరోజే చెప్పండి. అది డైసల్ఫిరామ్ అయితే, తెలియక పైన మందు తాగిన మనిషికి ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లు చనిపోవచ్చు. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, లివర్ పరీక్ష చేయించాక డాక్టరు రాస్తేనే అది వాడాలి. పేరు లేని పొడి అయితే అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. ఇప్పటికే కలిపి ఉంటే ఆ సంగతి ఆయనకు చెప్పేయమనండి, మందు ముట్టవద్దనండి, మాత్రల రేకు తీసుకుని ఇద్దరినీ పీహెచ్‌సీకి పంపండి.