వానలో తీరం వెంట, ఇద్దరం రెండు సైకిళ్ల మీద: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

తడిదారి
అందరికీ నమస్కారం. నేనూ మా ఆయనా మూడేళ్లుగా సెలవు రోజుల్లో సైకిల్ తొక్కుతున్నాం. రోజుకు 80 కిలోమీటర్లు పెద్దగా అలసట లేకుండా వెళ్లగలం. ఈసారి సముద్రం పక్కనే సాగే పల్లె దారుల్లో, సామాను మేమే మోసుకుంటూ పన్నెండు రోజులు తిరగాలని అనుకుంటున్నాం. ఇద్దరికీ కలిసొచ్చే సెలవులు వానల రోజుల్లోనే దొరికాయి. ఒక పూట తడవడం తెలుసు కానీ రోజుల తరబడి ముసురులో ఎప్పుడూ తొక్కలేదు. నా టెన్షన్ సామాను గురించి కాదు. ఆయన నాకంటే బాగా వేగం. నాకేమో చలి తొందరగా పట్టుకుంటుంది. పొడి రోజుల్లో ఈ తేడా తెలియకుండా సర్దుకుపోతాం. వానలో ఎలా?

మేఘమాల
సామాను సంగతి తర్వాత చూసుకోవచ్చండీ, అడగాల్సింది మీరు అడిగిందే. మా మొదటి యాత్రలో అయిదో రోజు పొద్దుటి నుంచీ వాన, పైగా సముద్రం వైపు నుంచి గాలి. మా ఆయన ముందు, నేను ఒక కిలోమీటరు వెనక. నేను ఆగుదాం అంటే ఆయనకు నిరాశ కలుగుతుందని మాట్లాడకుండా తొక్కాను. నేను మాట్లాడట్లేదు కాబట్టి బాగానే ఉన్నానని ఆయన అనుకున్నారు. మధ్యాహ్నం ఒక చూరు కింద ఆగాం. హెల్మెట్ పట్టీ తీయబోతే నా వేళ్లు కదల్లేదు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. అది చూసి ఆయన భయపడిపోయారు. తడి బట్టలు మార్పించి, వేడిగా తాగించి, ఆ రోజుకి ఇక చాలన్నారు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగితే మనిషికి తన పరిస్థితి తనకే అర్థం కాదు. వణుకు, వేళ్లు పట్టు తప్పడం, మాట తడబడటం, అడుగులు తడబడటం, ఇవన్నీ పక్కవాళ్లకే ముందు కనిపిస్తాయి. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే అది ఇంకా ప్రమాదం, వెంటనే వైద్యసాయం కావాలి. జంటగా వెళ్లడంలో పెద్ద బలం ఇదే, ఒకరిని ఒకరు చూసుకోవచ్చు. కానీ కిలోమీటరు దూరంలో ఉంటే ఏం చూస్తారు?

అప్పటి నుంచి మాకు రెండు కట్టుబాట్లు. ఎవరు "ఆగుదాం" అన్నా ఆగడమే, అక్కడ కారణం అడగకూడదు. మాట్లాడుకోవాల్సింది ఉంటే పొడి బట్టలు వేసుకున్నాక. రెండోది, వానలో నిదానంగా తొక్కేవాళ్లే ముందు. వేగంగా వెళ్లే మనిషి ముందుకెళ్లి మలుపు దగ్గర నిలబడితే, అప్పటిదాకా పట్టిన చెమట చల్లబడి అతనూ వణకడం మొదలవుతుంది. అంటే ఆ పద్ధతిలో ఇద్దరికీ నష్టమే.

చెయిన్‌నూనె
మేఘమాల గారి మాటకు నమస్కారం. నేను సైకిల్ గురించే రాస్తాను, ఎందుకంటే వానలో రోడ్డు పక్కన కూర్చుని రిపేరు చేసేటప్పుడే మనుషులు బాగా చల్లబడతారు. రిపేరు తగ్గితే చలీ తగ్గుతుంది.

బ్రేకులు. రిమ్ము మీద పట్టే రబ్బరు బ్రేకులైతే, తడిలో మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే పోతాయి. ఆ తర్వాతే పట్టు వస్తుంది. అందుకని దిగుడు రాకముందే సన్నగా నొక్కి రిమ్మును తుడుస్తూ ఉండాలి. ఇసుక కలిసిన నీళ్లు రబ్బర్లనే కాదు, రిమ్మునూ అరగదీస్తాయి. డిస్కు బ్రేకులైతే లోహం కలిసిన ప్యాడ్లు వేయించుకోండి. చప్పుడు కాస్త ఎక్కువ కానీ తడి ఇసుకలో రెజిన్ ప్యాడ్ల కంటే ఎక్కువ రోజులు వస్తాయి. ఒక జత అదనంగా సంచిలో ఉండాలి.

చెయిన్. సముద్రపు గాలిలోని ఉప్పు, వాన నీళ్లు కలిస్తే ఒక్క రాత్రిలోనే తుప్పు రంగు కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ముందు మంచినీళ్లు పోసి, గుడ్డతో ఆరేదాకా తుడిచి, తడికి ఆగే చిక్కటి నూనె వేయండి. వేశాక పైన మిగిలింది మళ్లీ తుడవాలి, లేదంటే ఇసుకంతా దానికే అంటుకుంటుంది. బయల్దేరే ముందు స్కేలుతో కొలవండి. కొత్త చెయిన్‌లో ఒక పిన్నును సున్నా అనుకుని దాని తర్వాతి దాని నుంచి లెక్కపెడితే 24వ పిన్ను 304.8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అది 306.3 దాటితే మార్చేయండి, యాత్ర మధ్యలో పళ్ల చక్రాలు పాడవకుండా ఉంటాయి.

పంచర్లు తడి రోజుల్లో ఎక్కువ. నీళ్లు గాజుపెంకును జారేలా చేసి టైరులోకి సులువుగా దిగేలా చేస్తాయి. రోజూ పడుకునే ముందు టైరు చుట్టూ చూసి, దిగిన ముక్కలు సూదితో తీసేయాలి. దారిలో పంచరైతే అక్కడ అతికించాలని చూడకండి, తడి ట్యూబుకు జిగురు పట్టదు. ట్యూబు మార్చేసి, పాతది రాత్రి పైకప్పు కింద అతికించుకోండి. మనిషికి రెండు ట్యూబులు. ఇద్దరి చక్రాలూ ఒకే సైజువైతే ఒకరి ట్యూబు ఇంకొకరికి పనికొస్తుంది. ఇది జంటలకు ఎంత మేలో చెప్పలేను.

సీటు కింది గొట్టానికి గ్రీజు రాయడం మరచిపోవద్దు. అల్యూమినియం గొట్టం, స్టీలు ఫ్రేము అయితే ఉప్పు తేమకు రెండూ కరుచుకుపోతాయి.

జంటపెడల్
మేము ఇద్దరం ఒకే సైకిల్ మీద వెళ్తాం, రెండు సీట్లది. వేగంలో తేడా అన్న సమస్యే ఉండదు. వాన హోరులో కూడా మాట వినిపిస్తుంది. ముందున్నవాళ్లకే గాలీ వానా ఎక్కువ తగులుతాయి కాబట్టి చలి కూడా వాళ్లకే ముందు. వెనకవాళ్లు పెడల్ మీద లయ తప్పడాన్ని బట్టి అది పట్టేయగలరు. కానీ ఇద్దరి బరువూ, సామానూ ఒకే జత చక్రాల మీద ఉంటుంది. తడి దిగుడులో బ్రేకు మీద ఆ భారం మామూలు సైకిల్ మీద అలవాటైనవాళ్లు ఊహించలేరు. ఈ యాత్ర కోసమే కొనమని మాత్రం చెప్పను. పొడి రోడ్డు మీద కొన్ని నెలలు కలిసి తొక్కాకే వానలోకి తీసుకెళ్లాలి.

తడిదారి
చాలా థ్యాంక్స్ అండీ. మేఘమాల గారు రాసింది ఇద్దరం కలిసి చదివాం, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంకో రెండు సందేహాలు. ఎదురుగాలిలో నేను ఆయన వెనకాలే దగ్గరగా తొక్కితే సులువు అంటారు కదా, వానలో అది పనికొస్తుందా? రెయిన్‌కోటు వేసుకుంటే లోపల చెమటకే తడిసిపోతున్నాను, దానికేం చేయాలి?

ఎదురుగాలి
దగ్గరగా తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. కానీ వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందున్న సైకిల్ వెనక చక్రం చిమ్మే బురదంతా మీ ముఖానికే. మడ్‌గార్డుకు కింద పొడవాటి రబ్బరు రెక్క కట్టించండి, అది వెనకవాళ్లకు చేసే మేలు. అయినా రెండు సైకిళ్ల పొడవైనా ఎడం ఉంచండి.

అసలు గాలితో పోట్లాడకుండా వేళ చూసుకోవడం మంచిది. మబ్బు లేని రోజున భూమి వేడెక్కాక సముద్రం నుంచి గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది, తెల్లవారుజామున బాగా నెమ్మదిస్తుంది. అందుకని మేము వెలుగు రాగానే బయల్దేరి మధ్యాహ్నానికల్లా ముగిస్తాం. దారి ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో కూడా గాలిని బట్టే నిర్ణయించుకోండి. అమెరికా పసిఫిక్ తీరం వెంట వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లడానికి కారణం వేసవిలో అక్కడ వీచే వాయవ్య గాలే.

కోటు సంగతి. వెచ్చటి వానలో కోటు తీసేసి, పలచటి సింథటిక్ చొక్కాతో తడుస్తూ తొక్కడమే హాయి. కోటు ఆగినప్పుడు వేసుకోవాలి, ఎందుకంటే ఆగినప్పుడే చలి పడుతుంది. చల్లటి వానలో ఈ సలహా పనికిరాదు. అప్పుడు లోపల పలచటి ఉన్ని, పైన చంకల దగ్గర జిప్పు ఉన్న కోటు. నూలు బట్ట మాత్రం వద్దు, అది నీళ్లు పట్టుకుని ఒంటికి అతుక్కుపోతుంది.

మేఘమాల
ఎదురుగాలి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఒక జత సాక్సులు, ఒక జత బట్టలు "రాత్రివి" అని వేరే కవరులో పెట్టండి. పొద్దున తడి బట్టలే మళ్లీ తొడుక్కోవాల్సి వచ్చినా సరే, ఆ జత తొక్కడానికి వాడొద్దు. మొదటి రెండు నిమిషాలు ఏడుపొస్తుంది, తర్వాత ఒంటి వేడికి సర్దుకుంటుంది. సంచుల మూత కనీసం మూడు మడతలు చుట్టాలి. పొడి బట్టలు ఒక్క సంచిలోనే పెట్టకుండా ఇద్దరి సంచుల్లోనూ పంచండి. ఒకటి చిరిగినా ఇద్దరికీ ఏదో ఒకటి మిగులుతుంది. సీటు దగ్గర ఒరుసుకుపోవడం తడిలో చాలా తొందరగా మొదలవుతుంది, మంట తెలియగానే ఆగి వాజిలీన్ రాసుకోండి, సాయంత్రం దాకా ఓర్చుకోవద్దు.

పోటుపాటు
ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. తీరపు దారుల్లో వాన ఒక్కటే చూస్తే చాలదు, సముద్రపు పోటు కూడా చూడాలి. ఒకసారి మేమిద్దరం ఒక వాగు సముద్రంలో కలిసేచోట పల్లపు వంతెన దగ్గరికి వచ్చేసరికి దాని మీద నీళ్లు పారుతున్నాయి. పైన వాన తక్కువే. వాగు నీళ్లు సముద్రంలోకి పోకుండా పోటు ఆపేసింది, అందుకే వెనక్కి ఎక్కాయి. నేను సైకిల్ ఎత్తుకుని దాటేద్దాం అన్నాను. మా ఆవిడ వద్దంది. పారే నీళ్లు మోకాలి దాకా వచ్చినా మనిషిని పడేయగలవు, పైగా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. మూడు గంటలు కూర్చున్నాం. పాటు మొదలయ్యాక మా కళ్ల ముందే వంతెన బయటపడింది, పక్క గోడలో ఒక భాగం లేదు.

చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, అందుకే మర్నాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. బయల్దేరే ముందు పోటు వేళల పట్టిక ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తడి వేళ్లతో ఫోను తెర సరిగ్గా పనిచేయదు.

ఎదురుగాలి
ఉరుముల గురించి కూడా. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువైతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గట్టి కట్టడంలోకి వెళ్లిపోండి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది నిజం కాదు.

తడిదారి
పోయిన వారం రెండు రోజులు ప్రయత్నంగా వెళ్లొచ్చాం. అనుకున్నట్టే ముసురు. నేను ముందు తొక్కాను. రోజుకు 80 అనుకున్నది 50 చేశాం, అది కూడా మధ్యాహ్నం ఒంటి గంటకల్లా అయిపోయింది. రెండో రోజు 31వ కిలోమీటరు దగ్గర "ఆగుదాం" అన్నది ఆయనే. నేను కారణం అడగలేదు. రాత్రి పొడి బట్టల్లో కూర్చున్నాక చెప్పారు, మోకాలు ముందు రోజు నుంచీ నొప్పిగా ఉందట. ఆయన సీటు ఎత్తు సరిచూసుకున్నాం, ఇంకో వారం చూసి పెద్ద యాత్రకు బయల్దేరతాం. పన్నెండు రోజుల్లో రెండు పూర్తిగా ఖాళీగా ఉంచాం. ఇద్దరి చక్రాలూ ఒకే సైజు కావు, మారిస్తే బాగుంటుందా లేక విడివిడిగా ట్యూబులు మోసుకెళ్లాలా అన్నది చెయిన్‌నూనె గారు చెప్పాలి.

చెయిన్‌నూనె
ఈ ఒక్క యాత్రకు చక్రాలు మార్చొద్దండీ. ట్యూబుల మీద పెద్ద అక్షరాలతో ఎవరివి వాళ్లవి అని రాసి, వేరే కవర్లలో పెట్టుకోండి. వాల్వులు ఒకే రకమో కాదో ఇవాళే చూడండి, లేకపోతే ఒకే పంపు ఇద్దరికీ పనిచేయకపోవచ్చు.