ఇంద్రవదన్ లాంటి అల్లరి నాన్న తెలుగు సీరియల్లో ఎవరైనా ఉన్నారా?

2025 అక్టోబరులో ఇంద్రవదన్‌గా నటించిన సతీష్ షా పోయినప్పటి నుంచి మా నాన్న ఆ హిందీ కామెడీ సీరియల్ ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ మళ్ళీ పెట్టమంటున్నారు. 2004లో స్టార్ వన్‌లో వచ్చేటప్పుడు ఆయనకి హిందీ అంతంతమాత్రం, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పేదాన్ని. కొడుకు రోసేష్ కవిత మొదలెట్టగానే ఇంద్రవదన్ మొహం చూసి మాత్రం, నేనేమీ చెప్పకుండానే పడీ పడీ నవ్వేవారు. కన్నకొడుకుని అలా ఆటపట్టించే తండ్రి ఇంకెక్కడుంటాడు!

మన సీరియళ్ళలో నాన్నలంటే ఎక్కువగా కన్నీళ్ళు, గుండెనొప్పులే కదా. తెలుగులో ఇలాంటి అల్లరి నాన్న ఉన్న కామెడీ సీరియల్ ఏదైనా గుర్తుందా? (‘అమృతం’ మాకు కంఠతా, అది వద్దు.) ఎంత పాతదైనా పర్లేదు. యూట్యూబ్‌లో దొరికేదైతే మరీ మంచిది, ఈ ఆదివారమే పెట్టిస్తాను. మీకిష్టమైన టీవీ నాన్న ఎవరో కూడా చెప్పండి.